నార్మన్ల పాలనలో మామూలు జనం బతుకు: ఏం మారింది, ఏం మారలేదు?

#1 మెట్టపొలం

అందరికీ నమస్కారం. కొన్నాళ్లుగా ఇంగ్లండు మధ్యయుగ చరిత్ర చదువుతున్నాను. ఏ పుస్తకం తెరిచినా 1066 అక్టోబరు 14, హేస్టింగ్స్ యుద్ధం, ఇంగ్లీషు రాజు హెరాల్డ్ చావు, ఆ క్రిస్మస్ రోజున వెస్ట్‌మిన్‌స్టర్‌లో, ఫ్రాన్సు వైపు నార్మండీ నుంచి వచ్చి గెలిచిన విలియం పట్టాభిషేకం. తర్వాత కోటలు, బిషప్పులు, బారన్లు. పొలం దున్నేవాడు మాత్రం కనపడడు. 1065లో ఒక ఊళ్లో నాగలి పట్టినవాడు 1087లో కూడా అదే ఊళ్లో దున్నుతున్నాడనుకుందాం. వాడి బతుకులో తేడా ఏమిటి? నాకు తెలుసుకోవాలని ఉన్నది ఇదే.

నా అభిప్రాయం ముందే చెప్తాను, కాదనేవాళ్లు కాదనండి. పల్లెలో పెద్దగా ఏమీ మారలేదని నా నమ్మకం. ఎనిమిది ఎద్దులు కట్టే బరువు నాగలి ముందూ ఉంది, తర్వాతా ఉంది. నీటి మరలు అంతే. దొర పొలంలో వెట్టి కూడా నార్మన్లు పట్టుకొచ్చింది కాదు. వాళ్లు రాకముందే రాసిన ఒక ఎస్టేటు దస్తావేజులో 'గెబూర్' అనే రైతు ఏమేం ఇవ్వాలో వివరంగా ఉంది. వారానికి రెండు రోజులు దొర పని, కోతల కాలంలో మూడు రోజులు. సెప్టెంబరు చివర వచ్చే మైకెల్మస్ పండక్కి పది పెన్నీలు. నవంబరులో మార్టిన్‌మస్‌కి బార్లీ, రెండు కోళ్లు. ఈస్టర్‌కి ఒక గొర్రెపిల్ల, లేదంటే రెండు పెన్నీలు. సేద్యం మొదలుపెట్టేటప్పుడు దొర అతనికి రెండు ఎద్దులు, ఒక ఆవు, ఆరు గొర్రెలు, విత్తిన ఏడెకరాలు ఇస్తాడు. అతను చనిపోతే అవన్నీ మళ్లీ దొరకే పోతాయి. ఇంత బిగువైన ఏర్పాటు అప్పటికే ఉంటే కొత్తగా వచ్చినవాళ్లు మార్చడానికి ఏం మిగిలింది?

తిండి సంగతి కూడా అంతే. ఆక్స్‌ఫర్డ్‌లో దొరికిన ఆ కాలపు కుండ పెంకులు, మనుషుల ఎముకలు, పశువుల ఎముకలు పరీక్షించి 2020లో ఒక అధ్యయనం వచ్చింది. ఆక్రమణ తర్వాత కొద్దికాలం తిండికి ఇబ్బంది పడిన ఆనవాళ్లున్నాయి కానీ, మొత్తం మీద జనం వండుకున్నవి అవే: క్యాబేజీ, గొర్రె మాంసం, గొడ్డు మాంసం. పంది మాంసం కొంచెం పెరిగింది.

#2 సిరామరక

మెట్టపొలం గారూ, మంచి ప్రశ్న. కానీ మీ జవాబుతో ఏకీభవించలేను. నాగలి మారకపోతే బతుకు మారలేదనడం ఎలా కుదురుతుంది?

విలియం చేయించిన భూముల సర్వే పుస్తకం, 1086 నాటి డూమ్స్‌డే బుక్‌లో, బకింగ్‌హామ్‌షైర్‌లోని మార్ష్ గిబ్బన్ అనే ఊరి నమోదు చూడండి. ఎథెల్రిక్ అనే ఇంగ్లీషు మనిషి. నార్మన్లు రాకముందటి ఎడ్వర్డ్ రాజు కాలంలో ఆ భూమి అతనిదే. ఇరవై ఏళ్ల తర్వాత కూడా అదే భూమి మీద ఉన్నాడు. కానీ ఇప్పుడు దాని దొర విలియం ఫిట్జ్ ఆన్స్‌కల్ఫ్. ఎథెల్రిక్ అతని దగ్గర కౌలుకి చేస్తున్నాడు. అంకెలూ పేర్లూ తప్ప ఇంకేమీ రాయని ఆ గుమస్తా ఇక్కడ మాత్రం రెండు మాటలు చేర్చాడు: 'భారంగా, దయనీయంగా' అని. అన్ని వేల ఊళ్ల లెక్కల్లో ఇలాంటి మాట కనపడటం చాలా అరుదు. ఎవరి నోటి నుంచో వినే రాసుంటాడు.

అతని గట్లు మారలేదు, గొడ్లు మారలేదు. సొంత భూమిలో కౌలుదారు అయ్యాడు. దీన్ని కొనసాగింపు అనాలా?

#3 ఊస్‌ఒడ్డు

నేను ఉద్యోగరీత్యా యార్క్ దగ్గర ఉంటున్నాను. ఈ చర్చలో ఉత్తరాదిని మర్చిపోవద్దు.

1069 చివర్లో, 1070 మొదట్లో తిరుగుబాటు అణచడానికి విలియం సైన్యం ఇక్కడ చేసింది తలచుకుంటేనే ఒళ్లు జలదరిస్తుంది. ఊళ్లు తగలబెట్టారు. ధాన్యం, నాగళ్లు, పశువులు నాశనం చేశారు. చలికాలం మధ్యలో. ఆర్డరిక్ విటాలిస్ అనే సన్యాసి తర్వాతి తరంలో రాస్తూ లక్షమంది ఆకలితో చచ్చారన్నాడు. అంకె ఎంతవరకు నిజమో వదిలేయండి. విలియంని చాలా విషయాల్లో మెచ్చుకున్న ఆ మనిషే ఈ ఒక్క పనిని మాత్రం క్షమించలేనని రాశాడు. పదహారేళ్ల తర్వాత డూమ్స్‌డే గుమస్తాలు యార్క్‌షైర్‌లో ఊరి తర్వాత ఊరికి 'వస్తా' అని రాసుకుంటూ పోయారు, అంటే బీడు. ఆ మాట పడిన ప్రతి ఊరూ సైన్యం వల్లే పోయిందని చెప్పలేం, లెక్క అందని ఊళ్లకి కూడా అలా రాసి ఉండొచ్చు. అయినా ఇక్కడ 'నాగలి అదే' అన్న వాదన నిలబడదు. నాగళ్లే తగలబడ్డాయి.

#4 మెట్టపొలం

ఊస్‌ఒడ్డు గారు చెప్పింది కాదనడానికి లేదు. ఉత్తరాది కథ వేరు. నేను అడుగుతున్నది సైన్యం తొక్కని ఊళ్ల గురించి. నార్ఫోక్‌లోనో, కెంట్‌లోనో ఒక మామూలు ఊరు. అక్కడ దొర పేరు లియోఫ్రిక్ నుంచి రాబర్ట్‌గా మారింది. రైతుకి ఏమిటి తేడా?

#5 పాతదస్తావేజు

రెవెన్యూ చరిత్ర మీద ఆసక్తితో నేను ఈ విషయం చాలాకాలంగా చదువుతున్నాను. కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపికగా చదవండి.

మెట్టపొలం గారూ, మీరు చెప్పిన కొనసాగింపు నిజమే. సిరామరక గారు చెప్పిన మార్పూ నిజమే. ఈ రెండూ ఒకదానికొకటి వ్యతిరేకం కాదు. నార్మన్లు పాతవాటిని ఉంచింది వాటితోనే ఏలుకోవచ్చని. ఉన్నదాన్ని ఉన్నట్టే పట్టుకుని, దాని లాభం మాత్రం తమ వైపు తిప్పుకున్నారు.

వచ్చినవాళ్లెంతమంది? చరిత్రకారుల అంచనాల్లో మహా ఎక్కువ వేసినా ఇరవై వేల దగ్గరే ఆగుతాయి. దేశ జనాభా పదిహేను, ఇరవై లక్షలు. ఇంత కొద్దిమంది అంత దేశం నుంచి పన్ను రాబట్టాలంటే దారి ఒక్కటే, అప్పటికే ఉన్న యంత్రాంగం. ఇంగ్లండులో అది చాలా గట్టిగా ఉంది. దేశం షైర్లుగా, షైర్ హండ్రెడ్లుగా విడిపోయి ఉంది. ప్రతి హండ్రెడ్‌కీ ఓ కోర్టు. ప్రతి ఊరి భూమికీ 'హైడ్' లెక్కన పన్ను మదింపు. షైర్‌కి షెరీఫ్. రాజు ముద్ర ఉన్న వెండి పెన్నీ, దాన్ని కొట్టే టంకసాలలు చాలా పట్నాల్లో. విలియం వీటిలో దేన్నీ రద్దు చేయలేదు. అతని బొమ్మతో వచ్చిన నాణేల వెనక వైపు చూస్తే నాణెం కొట్టినవాళ్ల పేర్లు గోడ్విన్, లియోఫ్‌వైన్ లాంటి ఇంగ్లీషు పేర్లే.

1085 క్రిస్మస్‌కి గ్లాస్టర్‌లో సభ పెట్టి సర్వేకి ఆజ్ఞ ఇచ్చాడు. మరుసటి ఏడాదిలోనే దేశంలో చాలా భాగం లెక్క తేలింది, పదమూడు వేలకి పైగా ఊళ్లు. ఒక ఎద్దు, ఒక ఆవు, ఒక పంది కూడా లెక్క తప్పించుకోలేదని అప్పటి ఇంగ్లీషు వృత్తాంతకారుడు బాధతో రాశాడు. పాత హండ్రెడ్ కోర్టులు, పాత పన్ను జాబితాలు లేకపోతే అంత తొందరగా అయ్యే పనేనా? ప్రతి ఊరి నుంచీ పాదిరీ, ఊరిపెద్ద, ఆరుగురు రైతులు వచ్చి ప్రమాణం చేసి చెప్పాలి. కేంబ్రిడ్జ్‌షైర్ జాబితాల్లో హండ్రెడ్‌కి ఎనిమిదిమంది జ్యూరీ, నలుగురు ఇంగ్లీషువాళ్లు, నలుగురు ఫ్రెంచివాళ్లు. అడిగిన ప్రశ్నలు వినండి. ఎడ్వర్డ్ రాజు కాలంలో ఈ భూమి ఎవరిది? ఇప్పుడెవరిది? నాగళ్లెన్ని, మరలెన్ని, అడివెంత, గడ్డి ఎంత? అప్పుడు విలువెంత, ఇప్పుడెంత? ఇంకా ఎక్కువ రాబట్టొచ్చా?

ఆ చివరి ప్రశ్న దగ్గరే ఉంది మీకు కావాల్సిన తేడా. 1084లో హైడ్‌కి 72 పెన్నీల పన్ను వేశారు. మామూలుగా తీసుకునేది 24. పన్ను పాతదే, వసూలు చేసే దారీ పాతదే. బరువు మూడింతలు.

#6 సిరామరక

పాతదస్తావేజు గారూ, ఇది చదివాక నా మాట ఇంకాస్త గట్టిగా చెప్పగలను. 1086 నాటికి నేరుగా రాజు కింద పెద్ద ఎస్టేట్లు ఉన్న ఇంగ్లీషువాళ్లు ఇద్దరే, వారిక్‌షైర్‌లో ఆర్డెన్ తుర్కిల్, లింకన్‌లో కోల్‌స్వెయిన్. ఇరవై ఏళ్లలో ఒక దేశపు భూస్వామి వర్గం మొత్తం పోయింది. ఊళ్లో రైతుకి ఇది దూరపు సంగతిలా అనిపించొచ్చు. కానీ పాత దొరకి ఊరి ఆనవాయితీ తెలుసు. ఫలానా కుటుంబానికి ఫలానా మినహాయింపు ఉందని తెలుసు. కొత్త దొరకి భాష తెలియదు, చాలాసార్లు ఊరే తెలియదు, ఊళ్లని మొత్తంగా గుత్తకి ఇచ్చేసి వెళ్లిపోతాడు. ఎవరు ఎక్కువ పాడితే వాళ్లకే గుత్త. పాడినవాడు ఆ సొమ్ము ఎక్కడి నుంచి తెస్తాడు?

తూర్పు జిల్లాల్లో 'సోక్‌మెన్' అని స్వతంత్ర రైతులుండేవాళ్లు, తమ భూమి తాము అమ్ముకోగలిగినవాళ్లు. కేంబ్రిడ్జ్‌షైర్, బెడ్‌ఫర్డ్‌షైర్లలో వాళ్ల సంఖ్య ఆ ఇరవై ఏళ్లలో దారుణంగా పడిపోయింది. ఆ మనుషులెక్కడికీ పోలేదు, లెక్కలో వేరే గడిలోకి, కింది గడిలోకి జారారు.

#7 తులసికోట

నేను ఎంఏ హిస్టరీ విద్యార్థినిని. ఇంతవరకు మాట్లాడినదంతా మగవాళ్ల గురించే. ఆడవాళ్ల సంగతి ఎవరైనా చెప్తారా? పాత ఇంగ్లీషు చట్టంలో ఆడవాళ్లకి స్వేచ్ఛ ఉండేదనీ నార్మన్లు వచ్చి పోగొట్టారనీ ఒకచోట చదివాను. సెమినార్‌లో ఇదే చెప్పాలి, అందుకే టెన్షన్‌గా ఉంది.

#8 జరీపని

తులసికోటా, టెన్షన్ పడకమ్మా. నేను మగ్గం వర్క్ చేసేదాన్ని కాబట్టి ఆ కాలపు బంగారు దారం పని గురించి వెతికి వెతికి చదివాను. నీకు పనికొచ్చే ముగ్గురి పేర్లు చెప్తాను, ముగ్గురూ డూమ్స్‌డే బుక్‌లో ఉన్నవాళ్లే.

లియోఫ్‌గిత్. విల్ట్‌షైర్‌లో నూక్ అనే ఊళ్లో భూమి ఉంది ఆమెకి. రాజుకీ రాణికీ బంగారు అంచుల పని చేసేదనీ, ఇప్పటికీ చేస్తోందనీ రాశారు. ముందు ఇంగ్లీషు రాజు కొలువుకి, తర్వాత నార్మన్ రాజు కొలువుకి. దేశం తలకిందులైనా ఆమె చేతిపనికి గిరాకీ తగ్గలేదు. ఇంగ్లీషు ఆడవాళ్ల సూదిపని అంటే నార్మన్లకి అంత మోజు. హేస్టింగ్స్ యుద్ధం కథని బొమ్మలుగా కుట్టిన పొడవాటి బేయూ వస్త్రాన్ని కూడా ఇంగ్లండులోనే కుట్టారని చాలామంది పండితుల అభిప్రాయం. ఓడినవాళ్ల చేతులే ఆ ఓటమిని అంత పొడుగునా కుట్టాయని తలుచుకుంటే నాకు గుండె బరువెక్కుతుంది.

రెండో ఆమె ఎల్ఫ్‌గిత్, బకింగ్‌హామ్‌షైర్. షెరీఫ్ గోడ్రిక్ తన కూతురికి బంగారు దారం పని నేర్పినందుకు ఈమెకి అర హైడ్ భూమి ఇచ్చాడు. తను షెరీఫ్‌గా ఉన్నంతకాలం అనుభవించమని. అర హైడ్ అంటే తక్కువేం కాదు, హైడ్‌ని సుమారు 120 ఎకరాల కింద లెక్కేసేవాళ్లు.

మూడో ఆమె ఆసా, యార్క్‌షైర్. భర్త బెర్నుల్ఫ్‌తో కలిసున్నప్పుడు కూడా ఆమె భూమి మీద అతనికి ఏ హక్కూ లేదు, అమ్మడానికీ లేదు, ఇవ్వడానికీ లేదు. విడిపోయినప్పుడు తన భూమి మొత్తం తను తీసుకుని వెళ్లింది. ఆ జిల్లా మనుషులు సాక్ష్యం చెప్పారు. ఇది నార్మన్లు రాకముందటి హక్కు.

అయితే 'ముందు స్వర్గం, తర్వాత నరకం' అని చెప్పకు. ఆసా లాంటివాళ్లు ఆస్తిపరులు. దొర పొలంలో పాలు పితికే బానిస స్త్రీకి ముందూ హక్కులేదు. ఆస్తిపరులైన ఆడవాళ్లకి మాత్రం దెబ్బ తగిలింది, భర్త సైనిక సేవ మీద భూమి ఆధారపడటం మొదలయ్యాక విధవరాలి పెళ్లి, వారసురాలి పెళ్లి పై దొర చేతిలోకి వెళ్లాయి.

#9 తులసికోట

చాలా థాంక్స్ అక్కా. మఠాల్లో చేరినవాళ్ల గురించి కూడా ఎక్కడో చదివాను, అది నిజమేనా?

#10 జరీపని

నిజమే. సైనికుల భయంతో చాలామంది ఇంగ్లీషు ఆడవాళ్లు మఠాల్లోకి వెళ్లి ముసుగు వేసుకున్నారు. తర్వాత వాళ్లని ఏం చేయాలన్న ప్రశ్న వస్తే, దైవభక్తితో కాక భయంతో వేసుకున్నవాళ్లు బయటికి రావచ్చని ఆర్చిబిషప్ లాన్‌ఫ్రాంక్ తేల్చాడు. ఆ తీర్పే 1100లో ఎడిత్‌కి అక్కరకొచ్చింది. పాత ఇంగ్లీషు రాజవంశపు పిల్ల, మఠంలో పెరిగింది. పిన్ని క్రిస్టినా బలవంతాన ముసుగు వేసేదని చెప్పుకుని, విడుదలై విలియం కొడుకు, రాజు మొదటి హెన్రీని పెళ్లాడింది. పెళ్లయ్యాక మటిల్డా అయింది. ఇంగ్లీషు పిల్లని చేసుకున్నందుకు నార్మన్ దొరలు ఆ దంపతులని 'గోడ్రిక్, గోడ్గిఫు' అని ఇంగ్లీషు పేర్లు పెట్టి వెక్కిరించేవాళ్లు.

#11 ఊస్‌ఒడ్డు

పట్నాల సంగతి ఎవరూ ఎత్తలేదు. నా ఉద్దేశంలో మార్పు కంటికి కనపడింది అక్కడే.

లింకన్‌లో కోట కట్టడానికి 166 ఇళ్లు పోయాయి. నారిచ్‌లో 98. కోట అంటే మొదట్లో రాతిది కాదు. మట్టిని గుట్టగా పోసి, దాని మీద కర్ర బురుజు, చుట్టూ కందకం. మట్టి మోసింది చుట్టుపక్కల జనమే, ఎక్కువగా కూలి లేని పని. నారిచ్‌లో పాత సంతని పక్కకి నెట్టి ఫ్రెంచివాళ్ల కొత్త పేటలో సంత పెట్టారు. ఈరోజుకీ నారిచ్ మార్కెట్ అక్కడే ఉంది, కూరగాయలు కొనుక్కుని రావచ్చు.

అన్నింటికన్నా నన్ను కదిలించింది ష్రూస్‌బరీ జనం ఫిర్యాదు. డూమ్స్‌డే బుక్‌లో వాళ్ల గోడు నమోదైంది. ఎర్ల్ (ఆ ప్రాంతపు పెద్ద దొర) కోట 51 ఇళ్ల స్థలం మింగింది. ఇంకో 50 పాడుబడ్డాయి. 43 ఇళ్లలో ఫ్రెంచివాళ్లు చేరారు, ఇంకొన్ని ఎర్ల్ కట్టిస్తున్న మఠానికి పోయాయి. అయినా ఎడ్వర్డ్ రాజు కాలంలో మొత్తం పట్నం కట్టిన పన్నే, పైసా తగ్గకుండా, మిగిలిన ఇంగ్లీషువాళ్లు కట్టాలి. పాతదస్తావేజు గారు చెప్పిన 'పాత పన్ను, పాత దారి' అంటే క్షేత్రంలో ఇదన్నమాట. లెక్క మారలేదు, లెక్క కట్టే ఇళ్లు మాత్రం సగం కూడా మిగల్లేదు.

#12 మెట్టపొలం

ష్రూస్‌బరీ సంగతి నాకు కొత్త, మంచి ఉదాహరణ ఇచ్చారు. అయితే ఒకటి అడుగుతాను. అందరూ పోగొట్టుకున్నవే చెప్తున్నారు. బానిసల సంగతేమిటి? డూమ్స్‌డే నమోదైన జనంలో దాదాపు పదోవంతు బానిసలు. పశ్చిమ జిల్లాల్లో ఇంకా ఎక్కువ. బ్రిస్టల్ నుంచి ఐర్లండుకి మనుషుల్ని ఓడల్లో అమ్మేవాళ్లు, అది పాత ఇంగ్లీషు రాజ్యంలో బహిరంగంగా నడిచిన వ్యాపారం. నార్మన్ల కాలంలో ఆ వ్యాపారం ఆగింది. 1102లో వెస్ట్‌మిన్‌స్టర్ సభ మనుషుల్ని పశువుల్లా అమ్మకూడదని తీర్మానించింది. పన్నెండో శతాబ్దం మధ్యకల్లా బానిసత్వం ఇంచుమించు మాయమైంది. బానిసగా పుట్టినవాడికి ఇంతకన్నా పెద్ద మార్పు ఏముంటుంది?

#13 సిరామరక

సంతోషించాల్సిన మార్పే. కానీ బ్రిస్టల్ వ్యాపారాన్ని మాన్పించడానికి నెలల తరబడి అక్కడే ఉండి జనానికి చెప్పిచెప్పి ఒప్పించింది ఊస్టర్ బిషప్ వుల్ఫ్‌స్టన్, ఇంగ్లీషువాడు. విలియం ఆజ్ఞ ఇచ్చాడు, కాదనను. ఈ పేరు మాత్రం ఆ లెక్కలో ఉండాలి. చాలామంది ఇంగ్లీషు బిషప్పులని తీసేసి తమవాళ్లని పెట్టుకున్నారు, విలియం చనిపోయేనాటికి మిగిలిన ఒకే ఒక్క ఇంగ్లీషు బిషప్ ఆయన.

ఇక బానిసలు ఏమయ్యారు? చాలామంది దొరలకి ఏడాది పొడుగునా తిండి పెట్టి బానిసని పోషించడం కంటే, ఓ గుడిసె, కాస్త పొలం ఇచ్చి నాగలి తోలించుకోవడం చౌక అనిపించింది. ఆ గుడిసె మనిషి స్వతంత్రుడే. అతని మునిమనవడి కాలానికి, పన్నెండో శతాబ్దం చివర్లో, రాజు కోర్టులు ఊరి రైతుల్లో పెద్ద భాగాన్ని 'స్వతంత్రులు కారు' అని తీర్పులు చెప్పడం మొదలుపెట్టాయి. దొర మీద రాజు కోర్టులో దావా వేయలేరు. కూతురి పెళ్లికి దొరకి రుసుం కట్టాలి. అట్టడుగున ఉన్నవాడు ఒక మెట్టు ఎక్కాడు, నడుమనున్నవాడు రెండు మెట్లు దిగాడు.

#14 పాతదస్తావేజు

ఇద్దరి మాటా కలుపుకోవాలి. బానిసకి మారింది చాలా ఎక్కువ. సంతలో అమ్ముడుపోవడం వేరు, పెళ్లి రుసుం కట్టడం వేరు. రెంటినీ ఒకే గాటన కట్టడం ఆ బానిసకి అన్యాయం చేసినట్టు. ఈ విషయంలో నేను మెట్టపొలం గారి వైపే.

#15 చింతతోపు

అడవి చట్టం గురించి ఎవరూ రాయలేదేం? ఇదైతే అచ్చంగా నార్మన్ల సరుకే. ఇంగ్లీషు రాజులూ వేటాడేవాళ్లు, కానీ తమ భూమిలో తాము వేటాడుకునే హక్కు జనానికి ఉండేది. విలియం విశాలమైన ప్రాంతాలని 'ఫారెస్ట్' అని ప్రకటించి వేరే చట్టం కిందికి తెచ్చాడు. ఫారెస్ట్ అంటే చెట్లే కాదు, అందులో ఊళ్లూ, పొలాలూ ఉన్నాయి. హ్యాంప్‌షైర్‌లోని న్యూ ఫారెస్ట్ పేరు డూమ్స్‌డేలోనే ఉంది. పన్నెండో శతాబ్దంలో ఏలిన రెండో హెన్రీ కాలానికి ఎసెక్స్ దాదాపు మొత్తం ఈ చట్టం కిందే ఉంది.

జింకని చంపితే కళ్లు పొడిచేవాళ్లు. మీ చేలో పడి మేసినా సరే, దాన్ని తాకకూడదు. కుక్కని పెంచుకుంటే దాని ముందు కాలి గోళ్లు మూడు తీసేయాలి, జింకల వెంట పరిగెత్తకుండా. పందుల్ని మేపడానికి, కట్టెలు కొట్టడానికి, పొలం గట్టు జరపడానికి, అన్నింటికీ అనుమతి, రుసుం, జరిమానా. అడవి అంచున బతికేవాడి రోజు తెల్లారినప్పటి నుంచి మారిపోయింది. జింక కోసం ఎవరి ప్రాణమూ అవయవమూ తీయకూడదన్న నియమం 1217 నాటి అడవి శాసనంలో గానీ రాలేదు. నూట యాభై ఏళ్లు.

ఆ జింకల్లో చుక్కల ఫాలో జింకని పట్టుకొచ్చి పెంచిందీ నార్మన్ దొరలే. కుందేళ్ల వనాలూ వాళ్ల హయాంలోనే వచ్చాయి. మెట్టపొలం గారు చెప్పిన ఆక్స్‌ఫర్డ్ కుండల్లో ఈ మాంసాలు ఉడకలేదంటే అందులో వింతేముంది? అవి దొరల పళ్లెంలోకి.

#16 తులసికోట

పేర్లు ఎందుకు అంత తొందరగా మారిపోయాయో ఎవరైనా చెప్తారా? మా మేడం అడిగారు. రెండు తరాల్లోనే విలియంలు, రాబర్ట్‌లు, రిచర్డ్‌లు నిండిపోయారట.

#17 ఊస్‌ఒడ్డు

దీనికి మా వైపు మనిషి ఒకతను ఉన్నాడు. విట్బీలో పుట్టిన పిల్లాడు, తల్లిదండ్రులు టోస్టి అని పెట్టారు. స్కాండినేవియా పేరు. తోటి పిల్లలు ఆ పేరు చూసి నవ్వుతున్నారని మార్చేసి విలియం అని పిలిచారు. తర్వాత సన్యాసం తీసుకుని బార్తొలోమ్యూ అయ్యాడు, ఫార్న్ ద్వీపంలో ఒంటరిగా తపస్సు చేసుకుంటూ బతికాడు. ఎవరూ పేర్లు మార్చుకోమని ఆజ్ఞ ఇవ్వలేదు. పిల్లల నవ్వే ఆ పని చేసింది. ఆడపిల్లల పేర్లు కొంచెం ఆలస్యంగా మారాయి, ఎందుకంటే వచ్చినవాళ్లలో ఆడవాళ్లు తక్కువ, చూసి పెట్టుకోవడానికి పేర్లూ తక్కువే.

తిరగేసిన కథ కూడా ఉంది. నేను పైన చెప్పిన ఆర్డరిక్ 1075లో ష్రూస్‌బరీ దగ్గర పుట్టాడు. తండ్రి ఫ్రాన్సు నుంచి వచ్చిన పాదిరీ, తల్లి ఇంగ్లీషు ఆమె. పదేళ్ల వయసులో తండ్రి అతన్ని నార్మండీలోని సెయింట్ ఎవ్రూల్ మఠానికి పంపేశాడు. అక్కడివాళ్ల మాట ఒక్కటీ అర్థం కాలేదనీ, ఈజిప్టులో యోసేపులా ఉండేదనీ ముసలితనంలో రాసుకున్నాడు. ఫ్రెంచి తండ్రి ఇంట్లో పెరిగిన పిల్లాడికి ఫ్రెంచి రాదు! ఇంటి లోపల తల్లి భాషే నడిచిందన్నమాట. ఆ మఠంలో 'ఆర్డరిక్' పలకడానికి మోటుగా ఉందని విటాలిస్ అని పెట్టారు. అయినా పుస్తకంలో తనని తాను ఇంగ్లీషువాడిననే చెప్పుకున్నాడు.

#18 నిర్వాహకులు

చర్చ చక్కగా సాగుతోంది. ఇంగ్లండు దాటి వెళ్లాలనుకునేవాళ్లు వెళ్లొచ్చు, నార్మన్ పాలన అనే విషయం దాటకుండా ఉంటే చాలు.

#19 నిమ్మతోట

అయితే సిసిలీ గురించి నేను రాస్తాను. నార్మన్లు అక్కడా ఏలారు. 1072లో పలెర్మో పట్టుకున్నారు, 1130లో రెండో రోజర్ రాజయ్యాడు. అక్కడి జనంలో ముస్లింలు, గ్రీకు క్రైస్తవులు, యూదులు. పాతదస్తావేజు గారి మాట అక్కడ ఇంకా బాగా కనిపిస్తుంది.

రాజు కార్యాలయాలు అరబ్బీ, గ్రీకు, లాటిన్ మూడింటిలో నడిచాయి. ఏ ఎస్టేటులో ఎవరెవరు రైతులున్నారో చెప్పే పేర్ల జాబితాలు అరబ్బీలోనే రాశారు. 1109లో రోజర్ తల్లి అడిలేడ్ గ్రీకు, అరబ్బీలలో పంపిన ఉత్తర్వు కాగితం మీద ఉంది, అరబ్బుల దగ్గర నేర్చుకున్న కాగితం. 1149లో ఒక పాదిరీ తన తల్లి అన్నా సమాధి మీద లాటిన్, గ్రీకు, అరబ్బీ భాషల్లో, పైగా హీబ్రూ లిపిలో కూడా చెక్కించాడు. 1184 చివర్లో ఓడ పగిలి ఆ ద్వీపం చేరిన ఇబ్న్ జుబైర్ అనే యాత్రికుడు పలెర్మోలో క్రిస్మస్ చూశాడు. క్రైస్తవ స్త్రీలు ముస్లిం స్త్రీల్లాగే పట్టుబట్టలు, రంగు ముసుగులు వేసుకుని, గోరింటాకు పెట్టుకుని చర్చికి వెళ్తున్నారని రాశాడు.

ఇంత అందంగా ఉన్నా, ఒకటి గమనించండి. ముస్లిం ప్రభుత్వాలు క్రైస్తవుల దగ్గర, యూదుల దగ్గర జిజియా తలపన్ను తీసుకునేవి. నార్మన్లు ఆ పన్నుని ఎత్తేయలేదు. పేరు కూడా మార్చకుండా ముస్లింల మీదికి తిప్పారు. యూదులు ఎప్పట్లాగే కడుతూ వచ్చారు.

#20 మెట్టపొలం

నిమ్మతోట గారి చివరి పేరా, ఊస్‌ఒడ్డు గారి ష్రూస్‌బరీ, రెండూ ఒకే పద్ధతి అని ఇప్పుడు స్పష్టంగా కనపడుతోంది. ఇక నా దగ్గర మిగిలింది ఒక్క ప్రశ్న. ఇంగ్లండులో ఈ 'వాళ్లు, మనవాళ్లు' అన్న తేడా ఎప్పటికి పోయింది?

#21 పాతదస్తావేజు

దీనికి 'మర్డ్రం' అనే జరిమానా మంచి కొలత. విలియం మనుషుల్ని చీకట్లో పొడిచి చంపుతుంటే ఈ నియమం పెట్టారు. ఒక నార్మన్ శవం దొరికి, హంతకుడు గడువులోగా పట్టుబడకపోతే, ఆ హండ్రెడ్ మొత్తం జరిమానా కట్టాలి. చచ్చినవాడు ఇంగ్లీషువాడని రుజువు చేస్తే జరిమానా లేదు. దారి పక్కన శవం దొరికితే ఊరంతా అతని చుట్టాలని వెతికి తెచ్చి, వీడు ఇంగ్లీషు తల్లిదండ్రుల బిడ్డే అని చెప్పించుకోవాలి. ఇదీ రోజువారీ బతుకే.

1170ల్లో రాజు ఖజానా అధికారి రిచర్డ్ ఫిట్జ్‌నీల్ దీని గురించి రాస్తూ, రెండు జాతులూ ఇచ్చిపుచ్చుకుని కలిసిపోయాయి, ఎవడు ఇంగ్లీషో ఎవడు నార్మనో చెప్పడం కష్టం అన్నాడు. అందుకని ఎవరి శవం దొరికినా జరిమానా వసూలు చేస్తున్నారట. కానీ పక్కనే ఒక మినహాయింపు పెట్టాడు. ఇదంతా స్వతంత్రుల గురించే, దొరకి కట్టుబడ్డ రైతులకి ఇది వర్తించదు అని. వాళ్ల పుట్టుక గురించి ఎవరికీ అనుమానమే లేదు. కాబట్టి మీ ప్రశ్నకి జవాబు మీరు మొదటి పోస్టులో అడిగిన మనిషి దగ్గరికే వస్తుంది. పైవాళ్లలో తేడా నూరేళ్లలో పోయింది. నాగలి పట్టినవాడు మాత్రం అప్పటికీ ఇంగ్లీషువాడిగానే గుర్తింపులో ఉన్నాడు.

ఆ జరిమానాని చట్టం నుంచి తీసేసింది 1340లో.